పాప కాలువలో వెనక్కి పల్టీలు కొడుతోంది, ఇంట్లో నేర్పించొచ్చా? కింద ఏం పరవాలి?

పాలకొల్లు అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా పాపకి 9 ఏళ్ళు. పారిస్ ఒలింపిక్స్ అప్పుడు అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌ని టీవీలో చూసింది, అంతే, అప్పట్నుంచి ఇంట్లో కాలు నేల మీద ఉండట్లేదు, మంచం మీంచి సోఫా మీదకి, సోఫా మీంచి కిందకి. మొన్న సెలవులకి మా పుట్టింటికి వెళ్తే మా అన్నయ్య పిల్లలతో కలిసి కాలువ రేవు మెట్ల మీంచి నీళ్ళలోకి వెనక్కి పల్టీ కొట్టడం నేర్చేసుకుందండి. ఇప్పుడు అదే గడ్డిమేటు మీంచి కొడతానంటోంది, వద్దంటే అన్నం మానేస్తోంది. మా మేడ మీద పాత కొబ్బరి పీచు పరుపులు రెండున్నాయి, అవి పరిచి ప్రాక్టీస్ చేయించొచ్చా? ఇంకో సందేహం పాపది, మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ రియో ఒలింపిక్స్‌లో చేసిన వాల్ట్ గురించి, అదే పరిగెత్తుకొచ్చి టేబుల్ మీద చేతులు ఆనించి ఎగిరే పోటీ. "దీపా కర్మాకర్ అందరికన్నా కష్టమైన వాల్ట్ చేసింది కదమ్మా, మరి మెడల్ ఎందుకివ్వలేదు" అని రోజూ అడుగుతోంది, నాకు చెప్పడం రావట్లేదు. తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

ముమ్మిడివరం మాస్టారు:
అమ్మా, నేను 30 ఏళ్ళు హైస్కూల్లో పీఈటీగా చేశాను. ముందు ఆ రేవు పల్టీలు ఇవాళే ఆపించు తల్లీ. మన కాలువల్లో నీటి మట్టం ఒక్కలా ఉండదు, ఏప్రిల్ మే నెలల్లో కాలువ కట్టేస్తే మోకాలి లోతు కూడా ఉండదు, పిల్లలేమో మొన్న దూకిన చోటే కదా అని దూకేస్తారు, తల వెళ్ళి అడుగున తగిలితే మెడ పోతుంది. ఇంకో విషయం, నీళ్ళలో పల్టీ వచ్చేసిందంటే నేల మీద వచ్చేసినట్టు కాదమ్మా. నీళ్ళలో ఎక్కువ తిరిగినా తక్కువ తిరిగినా నీరు పట్టుకుంటుంది, వీపు మీద పడితే చుర్రుమంటుంది అంతే. పాప ఒంటికి అదే అలవాటు అయిపోతుంది, సగం తిరిగి వదిలెయ్యడం. అదే సగం తిరుగుడు నేల మీద అయితే తల మీద దిగుతుంది. గడ్డిమేటు ఇంకా మోసం, పైకి మెత్తగా కనబడుతుంది గానీ ఒక చోట కాలు లోపలికి దిగబడిపోతుంది, ఇంకో చోట జారుతుంది, చీలమండ మడత పడటానికి అంతకన్నా ఏం కావాలి.

అంబాజీపేట పీచు:
మేడం గారూ, మా ఇంట్లో పీచు పనే అండి, పరుపుల సంగతి నేను చెప్తానుండండి. పీచు పరుపంటే పీచుకి రబ్బరు పాలు పట్టించి నొక్కి చేసేది, పడుకునే మనిషి బరువు నెమ్మదిగా మోయడానికి పనికొచ్చుద్ది గానీ పైనుంచి ఎగిరి పడే బరువుకి కాదండి. కొత్తదైతే గట్టిగా ఉండి తిరిగి తన్నుద్ది, పాతదైతే మధ్యలో గుంట పడి అంచులు లేచుంటాయి. పైగా రెండు పరుపులు పక్కపక్కన వేస్తే మధ్యలో సందు ఉంటది చూశారా, పిల్ల పాదం సరిగ్గా అందులోకే వెళ్ళుద్ది. మేడ మీద నున్నటి గచ్చు మీద పరుపు కూడా జారుద్దండి. మా సరుకే అయినా చెప్తున్నాను, దీనికి మాత్రం వాడకండి.

పాలకొల్లు అమ్మ:
అయ్యబాబోయ్, అడిగి మంచి పని చేశాను. రేపట్నుంచి రేవు బంద్ అండి. మరి ఆన్‌లైన్లో రంగురంగుల ముక్కలు కలిపే నురుగు మ్యాట్లు దొరుకుతున్నాయి కదా, అవి?

భీమవరం అక్క:
అవి తీసుకోవచ్చు, కానీ పల్టీలకి కాదు. చేతుల మీద నిలబడటం, బండిచక్రంలా పక్కకి తిరగడం, పిల్లిమొగ్గ, వెనక్కి వంగి వంతెనలా నిలవడం, వీటి వరకే. నేను చిన్నప్పుడు 6 ఏళ్ళు జిమ్నాస్టిక్స్ చేశానండి, అందుకని కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పాపకి ముందు నేర్పాల్సింది ఎగరడం కాదండి, దిగడం. చిన్న మెట్టు, ఒక అడుగు ఎత్తు కూడా అక్కర్లేదు, దాని మీంచి కిందకి దూకమనండి. రెండు పాదాలూ తుంటి వెడల్పులో, ముందు మునివేళ్ళు తగిలి తర్వాత మడమలు ఆనాలి, మోకాళ్ళు కొంచెం వంగాలి, అవి రెండూ ఒకదానివైపు ఒకటి లోపలికి పడిపోకుండా కాలివేళ్ళ వైపే చూడాలి, చేతులు ముందుకి, ఛాతీ పైకి. అలా దిగి మూడు అంకెలు లెక్కపెట్టే వరకు కదలకుండా నిలబడాలి. దీన్నే స్టిక్ అంటారు. వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది, మీరు కూడా చేసి చూడండి, మొదటి పదిసార్లలో ఒక్కసారైనా అడుగు పక్కకి పడుతుంది. చప్పుడు వినండి, దబ్ అని పెద్ద చప్పుడొస్తే మోకాళ్ళు పని చెయ్యట్లేదని అర్థం.

రెండోది పడటం. వెనక్కి తూలినప్పుడు ఎవరైనా చేతులు వెనక నేలకి ఆనిస్తారు, మోచేతులు విరిగేది అక్కడే. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు ముందుకి లాక్కుని, కూర్చుని గుండ్రంగా వెనక్కి దొర్లిపోవాలి. పిల్లిమొగ్గలో కూడా నడినెత్తి నేలకి తగలకూడదు, గడ్డం లోపలికి పెడితే మెడ వెనక నుంచి భుజాల మీదుగా దొర్లుతుంది. ఈ రెండూ ఆలోచించకుండా వచ్చేదాకా వెనక్కి పల్టీ అనే మాటే ఎత్తొద్దు. అది వచ్చాక కూడా పక్కన తెలిసిన కోచ్ ఉండాల్సిందే, వీడియో చూసి నాన్న నడుం పట్టుకోవడం కాదు.

కాకినాడ ఫ్యాన్:
అక్కా మీరు చెప్పింది చదువుతుంటే పాప అడిగిన రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉందనిపించింది! నేను చిన్నప్పట్నుంచీ అన్ని పోటీలూ తెల్లవారుజామున లేచి మరీ చూస్తాను, పాపకి ఇలా చెప్పండి.

ఇదివరకు 10కి మార్కులేసేవారు, 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా అమ్మాయి నాదియా కొమనేచికి 10 వస్తే బోర్డు మీద అంత అంకె చూపించే వీల్లేక 1.00 అని పడింది. 2006 నుంచి అది మారింది. ఇప్పుడు రెండు మార్కులు, ఒకటి చేసిన పని ఎంత కష్టమో దానికి, రెండోది ఎంత శుభ్రంగా చేశారో దానికి. రెండోది 10 నుంచి మొదలై తప్పు చేసిన కొద్దీ తగ్గుతుంది, చిన్న తప్పుకి 0.1, కొంచెం పెద్దదానికి 0.3, ఇంకా పెద్దదానికి 0.5, పడిపోతే ఏకంగా 1. రెండూ కలిపితే స్కోరు.

రియో 2016 వాల్ట్ ఫైనల్లో దీపా ప్రొడునోవా చేసింది, అంటే టేబుల్ మీద చేతులు కొట్టి ముందుకి గాల్లో రెండు పల్టీలు. కష్టానికి 7.0, ఆ రోజుల్లో అంతకన్నా విలువున్న వాల్ట్ చేసేవాళ్ళు దాదాపు లేరు. కానీ రెండు పల్టీలు తిరిగొచ్చేసరికి నేల దగ్గరైపోతుంది, కాళ్ళు చాపుకుని నిలబడే టైం ఉండదు, బాగా కిందకి కూర్చుండిపోయింది. శుభ్రతకి 8.266 వచ్చింది. ఫైనల్లో రెండు వాల్ట్‌ల సగటు తీస్తారు, దీపాకి 15.066, మూడో స్థానంలో స్విట్జర్లాండ్ అమ్మాయి జూలియా స్టైన్‌గ్రూబర్‌కి 15.216. తేడా 0.150. సగటు కదా, రెండు వాల్ట్‌లూ కలిపి ఇంకో 0.3 పైన వచ్చుంటే కంచు మనదే. 0.3 అంటే దిగినప్పుడు పడే ఒక పెద్ద అడుగండి! ఆ రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను, ఇప్పటికీ ఆ వీడియో మధ్యలో ఆపేస్తాను. కానీ దీపాకి అన్యాయం జరిగిందని మాత్రం పాపకి చెప్పకండి. ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారత మహిళా జిమ్నాస్ట్ ఆమె, అగర్తలాలో మొదట్లో పాత స్కూటర్ విడిభాగాలతో చేసుకున్న సామాన్ల మీద నేర్చుకుని ప్రపంచంలో నాలుగో స్థానం. 2024లో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం కూడా గెలిచి, ఆ ఏడాదే రిటైర్ అయింది.

రాజోలు తమ్ముడు:
మన తెలుగమ్మాయి బుద్దా అరుణా రెడ్డి గురించి కూడా చెప్పండక్కా. 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో కంచు, జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్‌లో మన దేశానికి అదే మొదటి వ్యక్తిగత పతకం. మొదట కరాటే నేర్చుకునేదట, ఒంటి వంపు చూసి వాళ్ళ నాన్నగారు జిమ్నాస్టిక్స్‌లో వేశారు, హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ట్రైనింగ్.

పాలకొల్లు అమ్మ:
కాకినాడ ఫ్యాన్ గారూ, చదివి వినిపించానండి, "అయితే ఒక్క అడుగేనా" అని చాలాసేపు మాట్లాడలేదు పాప. ఇంకొకటి అడగాలి, ఏమనుకోకండి. మా అత్తగారు జిమ్నాస్టిక్స్ వాళ్ళు వేసుకునే డ్రెస్సు చూసి ఆడపిల్లకి ఇదేం ఆటే అంటున్నారు. పాప అడ్డం తిరుగుతోంది, ఇద్దరి మధ్యా నేను నలుగుతున్నాను.

భీమవరం అక్క:
అత్తగారిని ఒప్పించొచ్చండి. కాలి మడమ దాకా కప్పే సూట్ కూడా రూల్స్ ఒప్పుకుంటాయి, టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు అలాంటివే వేసుకుని పోటీ చేశారు, ఆ ఫోటో చూపించండి. ఇంట్లో ప్రాక్టీస్‌కి ఒంటికి అతుక్కునే లెగ్గింగ్, టీషర్ట్ లోపలికి దోపుకుంటే చాలు. వదులు బట్టలు మాత్రం వద్దు, చెయ్యి కిందపెట్టినప్పుడు చున్నీ గానీ గౌను అంచు గానీ కాలికింద పడుతుంది.

డ్రెస్సు కన్నా నేను భయపడేది వేరే విషయానికి. కోచింగ్‌లో చేర్చేటప్పుడు, తల్లిదండ్రుల్ని ప్రాక్టీస్ చూడనివ్వని చోట చేర్చకండి. నేను చిన్నప్పుడు నేర్చుకున్న చోట మోకాలు నొప్పంటే నాటకం అనేవారు, లావయ్యావని అందరి ముందూ అనేవారు, ఇంట్లో చెప్తే మాన్పిస్తారేమో అని నేను నోరు మెదపలేదు. ఆ మోకాలు ఇప్పటికీ మెట్లెక్కనివ్వదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ లైంగిక దాడుల కేసు మీకు గుర్తుండే ఉంటుంది, 2018లో 150 మందికి పైగా అమ్మాయిలు, ఆడవాళ్ళు కోర్టులో తమకి జరిగింది చెప్పారు, అన్నేళ్ళు వాళ్ళ మాట ఎవరూ వినలేదు. అందుకే పాప నొప్పి అన్నా, భయమేస్తోంది అన్నా ఆ రోజుకి ఆపెయ్యండి. టోక్యోలో గాల్లో తను ఎక్కడుందో తెలియట్లేదని బైల్స్ అంతటి ఆవిడే చాలా ఫైనల్స్ నుంచి తప్పుకుంది.

కాకినాడ ఫ్యాన్:
2023లో కూడా చూడండి, బైల్స్ వెనక్కి రెండు పల్టీల కొత్త వాల్ట్ చేసేటప్పుడు కోచ్‌ని పక్కనే నిలబెట్టుకుంది, దానికి 0.5 కోత పడుతుందని తెలిసి కూడా. మీ పాప ఒక్కర్తే చేస్తానని మారాం చేస్తే ఇది చెప్పండి.

ముమ్మిడివరం మాస్టారు:
మంచి మాట. అమ్మా, కోచింగ్ కోసం మీ జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళి జిమ్నాస్టిక్స్ కోచ్ ఎక్కడున్నారో అడుగు, స్కూల్ గేమ్స్ గురించి పాప బడిలో వ్యాయామ టీచర్‌ని అడుగు. దగ్గర్లో లేకపోతే కంగారు పడకు, ఒక ఏడాది పాటు ఒంటి బలం, వంపు, దిగడం చేసుకున్నా ఏమీ పోదు. బీమ్‌కి, అంటే సన్నటి దూలం మీద పడిపోకుండా చేసే ఆటకి, నేను పిల్లలకి చెప్పే చిట్కా ఒకటుంది. అసలు బీమ్ 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, నేలకి 125 సెంటీమీటర్ల ఎత్తు. బోదె మీద వేసిన కొబ్బరి దుంగ మీద మన పిల్లలు పరిగెడతారు చూడు, దాంట్లో సగం కూడా ఉండదు. వరండాలో సుద్దముక్కతో 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు 5 మీటర్లు గీసి, దాని మధ్యలోనే నడక, మునివేళ్ళ మీద తిరగడం, చివర్లో చిన్న గెంతు, మూడు లెక్కపెట్టి నిలబడటం. గీత తొక్కితే 0.1 తీసెయ్యి. మార్కులు వేసే పని తమ్ముడికి గానీ నాన్నకి గానీ ఇవ్వు, పాప తనే వచ్చి రోజూ చేస్తుంది.

పాలకొల్లు అమ్మ:
మాస్టారూ మీకు దండాలండి. నిన్న సాయంత్రమే గీసేశాం. మార్కులు మా అత్తగారు వేస్తున్నారు, పలక పట్టుకుని వరండా చివర కుర్చీలో కూర్చున్నారు, గీత తొక్కితే పాప ఎంత బతిమాలినా ఒప్పుకోవట్లేదు. మెట్టు మీంచి 20 సార్లు దూకితే 7 సార్లు కదలకుండా నిలబడింది. రోజుకి ఎన్నిసార్లు చేయించమంటారు?

భీమవరం అక్క:
20 చాలండి, వారానికి ఒకట్రెండు రోజులు పూర్తిగా సెలవివ్వండి. 20కి 18 వచ్చాకే మెట్టు ఎత్తు పెంచండి.