ఫిజియోథెరపీ సెంటర్‌లో హెల్పర్ ఏ పని వరకు చేయొచ్చు?

అమ్మ_కోసం: అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి నెలైంది. ఫిజియో డాక్టర్ గారు మొదటి రోజు చూశారు. ఆ తర్వాత ఐస్ పెట్టేది, మిషన్ తగిలించేది, కాలు వంచేది అంతా హెల్పర్ అబ్బాయే. ఇది పద్ధతేనా?

బీపీటీ_2014: కాదండీ. బెడ్ సర్దడం, కాపడం పెట్టే హాట్‌ప్యాక్ సిద్ధం చేయడం, పేషెంట్‌ని లేపి వాకర్ పక్కన నిలబడటం, ఇవీ హెల్పర్ పనులు. కాలు వంచడం వేరు. పిక్క వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో అనుమానించి అక్కడే ఆపాలి. అందుకే మేం ఫిజియోలం నాలుగున్నరేళ్లు బీపీటీ చదివింది.

కడప_వాసి: మా నాన్నకి షుగర్. హాట్‌ప్యాక్ కింద ఒక్క టవల్ వేశాడు హెల్పర్. కాలుతున్నట్టు ఆయనకి తెలియనే లేదు. పిక్క మీద అరచేయంత బొబ్బ. రెండు నెలలు డ్రెస్సింగ్.

హెల్పర్_9ఏళ్లు: ఒక్క టవలా? ఆ ప్యాక్ ఉండే నీళ్లే 70 డిగ్రీలు దాటి ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది పొరలు వేయాలి. ఐదు నిమిషాలకి ఎత్తి చర్మం చూడాలి. నా చేతిలో ఇంతవరకు ఎవరికీ కాలలేదు.

కడప_వాసి: మీ గొప్ప నాకెందుకు? నాన్నకి కాలింది.

బీపీటీ_2014: పొరలు తర్వాత. షుగర్ పేషెంట్‌కి స్పర్శ ఉందో లేదో ముందే చూడాలి. అది ఎవరు చూశారు?

హెల్పర్_9ఏళ్లు: చూడాల్సింది మీరే కదా సార్! ఆరు బెడ్లూ మాకు వదిలేసి మీరు ఓపీలో ఉంటారు.

నల్గొండ: మా బాబాయికి పక్షవాతం వస్తే నడిపించింది హెల్పరే. ఆయనకి దణ్ణం పెట్టాలి.

బీపీటీ_2014: అంత తెలిసినవాళ్లు చదువుకుని రావాల్సింది.

హెల్పర్_9ఏళ్లు: చదువు మాటెత్తారు కాబట్టి చెప్తున్నా. పక్షవాతం మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఆయన మోకాలు ఒరిగిపోతుంది. నా మోకాలు అడ్డంపెట్టి ఆపుతా. చూసి నేర్చుకున్నదే, ఎవరూ నేర్పలేదు. పొద్దున 7కి వస్తే రాత్రి 9. జీతం 11 వేలు. కాలు వంచనంటే రేపట్నుంచి రావద్దంటారు. వంచితే మీరు తప్పంటారు. నన్నేం చేయమంటారు?

అమ్మ_కోసం: మరి మేం రోజూ కట్టే 500 ఎవరికి పోతోంది?

బీపీటీ_2014: నాకు కాదండీ. నాదీ జీతమే, 18 వేలు. రోజుకి 30 మంది. అందరి కాళ్లూ నేనే వంచాలంటే ఇంకో ఇద్దరు ఫిజియోలు కావాలి. ఓనర్ పెట్టడు. తమ్ముడూ, చదువు మాట తప్పే.

అమ్మ_కోసం: రేపు కాలు వంచేటప్పుడు డాక్టర్ గారు పక్కనే ఉండాలని అడుగుతా. ఆ అబ్బాయిని ఏమీ అనను.

హెల్పర్_9ఏళ్లు: అడగండమ్మా. ఎప్పుడైనా హాట్‌ప్యాక్ పెడితే టవల్ పొరలు కూడా లెక్కపెట్టుకోండి.

కడప_వాసి: మా నాన్నకి ఎవరూ లెక్కపెట్టలేదు.