పచ్చళ్ల తయారీదారులకు ఎగుమతి శిక్షణ: పనికొచ్చేదా, కాలయాపనా?

రోకలిబండ (పెందుర్తి):
మా పొదుపు సంఘానికి ఎగుమతి ప్రమాణాలు నేర్పుతామని ఒక సంస్థ వచ్చింది. అమెరికా, ఐరోపా నిబంధనలన్నీ చెబుతారట. పని మానుకుని వెళ్లాలి కనుక అడుగుతున్నాను. వెళ్లమంటారా?

లెక్కలపద్దు (గాజువాక):
వద్దంటాను. చేతులు కడుక్కోవడం, టోపీ పెట్టుకోవడం చెప్పి, ధ్రువపత్రం ఇచ్చి ఫోటో తీసుకుంటారు. అసలు చిక్కు వేరే ఉంది. ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా యూనియన్ నిబంధన. ఆ బూజు విషం కాయ సరిగా ఆరనప్పుడు కల్లంలోనే పుడుతుంది. మీరు కారం బజారులో కొంటారు. ఇక మీ వంటగది అద్దంలా మెరిసినా ఏం లాభం?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ):
లెక్కలపద్దు గారూ, మీరు చూపిన చిక్కు నిజమే. అందుకే శిక్షణ కావాలంటాను. నేను రొయ్యల ప్లాంటులో నాణ్యత విభాగంలో పనిచేశాను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ మందుల అవశేషాలు కూడా చెరువులోనే చేరతాయి, ప్లాంటులో కాదు. అందుకే రొయ్యలు పట్టడానికి ముందే చెరువు నుంచి నమూనా తీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. పచ్చళ్లవారూ అదే చేయవచ్చు. పొడి కారం కాకుండా కాయ కొని, పరీక్ష నివేదిక అడిగి, ఆ కాయ ఏ సీసాల్లోకి వెళ్లిందో పుస్తకంలో రాసుకోవాలి. ఇది ఎవరైనా నేర్పితేనే వస్తుంది.

ఇంకా ఉంది. ఆవకాయలో ఆవపిండి, నువ్వుల నూనె రెండూ పడతాయి కదా. ఐరోపాలో ఆవాలు, నువ్వులు రెండూ అలర్జీ పదార్థాల జాబితాలోనే ఉన్నాయి, లేబుల్ మీద ప్రస్ఫుటంగా చూపాలి. అమెరికాలో నువ్వులకు ఆ నిబంధన 2023 జనవరి 1 నుంచి వచ్చింది, ఆవాలకు లేదు. అంటే ఒకే పచ్చడికి రెండు లేబుళ్లు. మరో మాట, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఆహార తయారీ కేంద్రం నమోదుకు రుసుము లేదు. అక్కడ ఒక ఏజెంటును మాత్రం చూపాలి.

రోకలిబండ:
రుసుము లేదా! మా దగ్గరకు వచ్చిన మధ్యవర్తి ఆ నమోదుకే పెద్ద మొత్తం చెప్పాడు.

బెల్లంబజారు (అనకాపల్లి):
శిక్షణ సరే, ధర మాటేమిటి? మా వైపు బెల్లం తెల్లగా రావాలని హైడ్రోస్ అనే రసాయనం వాడతారు, దాని వల్ల బెల్లంలో సల్ఫైట్లు మిగులుతాయి. అది లేకుండా వండితే రంగు ముదురుతుంది, బజారులో ధర పడిపోతుంది. ఐరోపాలో సల్ఫైట్లు కిలోకు 10 మిల్లీగ్రాములు దాటితే లేబుల్ మీద చెప్పాల్సిందే. కొనే విదేశీయుడు ఎదుట లేనప్పుడు, వండేవాడు ఇవాళ తూకం వేసే వ్యాపారి మాట వినక ఏం చేస్తాడు? శిక్షణ పొందినవాడు కూడా మళ్లీ హైడ్రోసే వేస్తాడు. ముందు కొనేవాణ్ణి చూపించి, తర్వాత పాఠం చెప్పండి.

సాగరతీరం:
ఒక్కరికి కొనేవాడు దొరకడు, సంఘానికైతే దొరుకుతాడు. అరకు కాఫీ అలాగే వెళ్లింది. సహకార సంఘంలో చేరిన గిరిజన రైతుల కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు.

లెక్కలపద్దు:
అరకులో సంస్థలు ఏళ్ల తరబడి వెన్నంటి ఉన్నాయి. రెండు పూటల తరగతితో దాన్ని పోల్చకండి. రోకలిబండ గారూ, ఆ సంస్థవారిని ఒక్కటి అడగండి: శిక్షణ అయ్యాక మా తొలి సరుకు పరీక్ష ఖర్చు ఎవరిది? రాసి ఇస్తే వెళ్లండి.