సోమర్సెట్ ఆటగాళ్ళను సీజన్ అంతా ఫాలో అవ్వడం ఎలా?

సాగరతీరం (విశాఖపట్నం), జనవరి 2025

అందరికీ నమస్కారం. పోయిన ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో జరిగిన మన వైజాగ్ టెస్టుకి వెళ్ళాను, జైస్వాల్ 209 కొట్టిన మ్యాచ్. మా గ్యాంగ్ అంతా జైస్వాల్ గురించే మాట్లాడుతుంటే నేను మాత్రం ఇంగ్లండ్ స్పిన్నర్ షోయబ్ బషీర్‌నే చూస్తూ కూర్చున్నాను. వీసా ఆలస్యమై హైదరాబాద్ టెస్టు తప్పిపోయిన కుర్రాడు. 20 ఏళ్ళు, మొదటి టెస్టు, మొదటి వికెట్ రోహిత్ శర్మ.

అప్పటి నుంచి అతని కౌంటీ (అక్కడి దేశవాళీ జట్టు) సోమర్సెట్ స్కోర్లు చూస్తున్నాను. తీరా చూస్తే ఎండాకాలంలో అతను వూస్టర్‌షైర్‌కి ఆడుతున్నాడు! ఇంగ్లండ్‌కి టెస్టులు ఆడే స్పిన్నర్‌కి సొంత కౌంటీలో చోటు లేకపోవడం ఏమిటి? వచ్చే ఏప్రిల్ నుంచి సోమర్సెట్‌ని మొదటి మ్యాచ్ నుంచి చివరి దాకా ఫాలో అవ్వాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్ ఫ్యాన్

బ్రో, టైమింగ్ మనకి బాగా కుదురుతుంది. అక్కడ పొద్దున 11కి మొదలైతే మనకి మధ్యాహ్నం మూడున్నర. రాత్రి పదిన్నర, పదకొండుకల్లా ఆ రోజు ఆట అయిపోతుంది. కౌంటీ యూట్యూబ్ చానల్‌లో లైవ్ పెడతారు, దానికి బీబీసీ లోకల్ రేడియో కామెంటరీ కలిపి ఇస్తారు. ఆఫీసులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చాలు. 2022లో మన సిరాజ్ వార్విక్‌షైర్‌కి ఆడిన మొదటి మ్యాచ్ సోమర్సెట్ మీదే, 5 వికెట్లు తీశాడు. నేను అలాగే పట్టుకున్నాను ఈ అలవాటు.

టోన్ నది గట్టు (టాంటన్)

తమ్ముడూ, నీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. మాది గుడివాడ. ఉద్యోగం మీద టాంటన్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. సోమర్సెట్ గ్రౌండ్ మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం, కౌంటీ మెంబర్‌షిప్ కూడా ఉంది.

ముందు బషీర్ సంగతి. ఏప్రిల్, మేలో ఇక్కడి పిచ్‌ల మీద పచ్చిక ఉంటుంది, గాలిలో చలి ఉంటుంది. సీమర్లదే, అంటే పేస్ బౌలర్లదే రాజ్యం. పదకొండు మందిలో స్పిన్నర్‌కి ఒక్క చోటే దొరుకుతుంది, ఆ చోటు జాక్ లీచ్‌ది. లీచ్ టాంటన్‌లోనే పుట్టాడు. ఓవర్ తర్వాత ఓవర్ ఒకే చోట వేయగలడు, మ్యాచ్ గెలవాలనుకునే కెప్టెన్‌కి అలాంటివాడే కావాలి. ఇంగ్లండ్ సెలెక్టర్లు చూసేది వేరు. వాళ్ళకి బషీర్ ఎత్తు కావాలి, బంతి పైనుంచి దిగే తీరు కావాలి. అందుకే ఇంగ్లండ్‌కి మొదటి స్పిన్నర్, కౌంటీలో రెండో స్పిన్నర్. లీచ్ మోకాలు దెబ్బ తిన్నది మీ హైదరాబాద్ టెస్టులోనే కదా, ఆ తర్వాత బషీర్‌కి వైజాగ్‌లో అవకాశం వచ్చింది. ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండే ఇద్దరి కథ ఇది.

ఖాళీగా కూర్చోబెట్టడం ఇష్టం లేక జూన్‌లో బషీర్‌ని వూస్టర్‌షైర్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్ళు అరువుగా పంపారు. అక్కడ సర్రే ఆటగాడు డాన్ లారెన్స్ అతని ఓవర్లో వరుసగా 5 సిక్సర్లు కొట్టాడు, మొత్తం 38 పరుగులు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నెల తిరిగేసరికి ట్రెంట్ బ్రిడ్జ్‌లో వెస్టిండీస్ మీద 5 వికెట్లు తీశాడు. ఉత్త స్కోర్‌కార్డులు చూసేవాళ్ళకి ఆ 5 వికెట్లే కనిపిస్తాయి. ఆ 38 పరుగుల ఓవర్ కూడా తెలిసినవాళ్ళకి ఆ రోజు కళ్ళు చెమ్మగిల్లాయి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. జట్టుని కాదు, ముందు ఒక మనిషిని పట్టుకో. స్టార్‌ని వద్దు. స్టార్‌ని ఇంగ్లండ్ తీసుకుపోతుంది, మనకి మిగిలేది ఏడాదిలో కొద్ది మ్యాచ్‌లే. జట్టులో చోటు కోసం పోరాడేవాడిని చూడు. వాడు ఫైనల్ లెవెన్‌లో లేని రోజు సెకండ్ లెవెన్ (కౌంటీ రెండో జట్టు) స్కోరు వెతుకు. మా సెకండ్ లెవెన్ మ్యాచ్‌లు టాంటన్ వేల్ అనే చిన్న గ్రౌండ్‌లో కూడా జరుగుతాయి, నిన్న పేపర్లో పేరు చూసిన కుర్రాడు ఇవాళ మన పక్కనుంచే ప్యాడ్లు కట్టుకుని వెళ్తాడు. ఆగస్టు వచ్చేసరికి పెద్దవాళ్ళంతా హండ్రెడ్ అనే వంద బంతుల టోర్నీకి వెళ్ళిపోతారు, వన్డే కప్‌లో పిల్లలు ఆడతారు. చాలామంది ఆ నెల వదిలేస్తారు. నాకు సీజన్‌లో అన్నిటికన్నా ఇష్టమైన నెల అదే.

సెప్టెంబర్లో సర్రే మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను. మా టామ్ బాంటన్ మొదటి ఇన్నింగ్స్‌లో సెంచరీ కొట్టి, ఆ తర్వాత చీలమండకి దెబ్బ తగిలించుకున్నాడు. అందరూ టీ20 ఆటగాడని ముద్ర వేసిన కుర్రాడు రెండో ఇన్నింగ్స్‌లో కుంటుకుంటూ ఆఖరివాడిగా దిగి, లీచ్‌తో కలిసి ఎంతో విలువైన పరుగులు జోడించాడు. సర్రే టార్గెట్ 221. నాలుగో రోజు సాయంత్రం, ఇక డ్రాయే అనుకుంటున్నాం. లీచ్ ఒక వైపు, 18 ఏళ్ళ ఆర్చీ వాన్ ఇంకో వైపు. వికెట్లు టపటపా పడ్డాయి. చివరికి ఫీల్డర్లంతా బ్యాట్స్‌మన్ చుట్టూ గుమిగూడారు, బౌండరీ దగ్గర ఒక్కడూ లేడు. నిమిషాలే మిగిలి ఉండగా లీచ్ ఆఖరి వికెట్ తీశాడు, సర్రే 109 ఆలౌట్. వాన్‌కి మ్యాచ్‌లో 11 వికెట్లు. నా పక్కన కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత అదే నెలలో టీ20 ఫైనల్ పోయింది, వన్డే కప్ ఫైనల్ పోయింది, నాలుగు రోజుల మ్యాచ్‌ల టోర్నీ చాంపియన్‌షిప్ సర్రేకే వెళ్ళింది. 1891 నుంచి ఆడుతున్నాం, కౌంటీ చాంపియన్‌షిప్ ఒక్కసారి కూడా మాది కాలేదు. ఈ బాధ నీకూ వస్తుంది, సిద్ధంగా ఉండు.

లీడ్స్ స్టూడెంట్

అక్కా, మనిషిని పట్టుకోమనడం బాగుంది కానీ పాయింట్ల లెక్క తెలియకపోతే సగం ఆట అర్థం కాదు. చాంపియన్‌షిప్‌లో గెలిస్తే 16, డ్రా అయితే 8. మొదటి 110 ఓవర్లలో 250 దాటితే ఒక బ్యాటింగ్ పాయింట్, అక్కడి నుంచి ప్రతి 50కి ఒకటి, 450 దాకా. బౌలింగ్‌కి 3, 6, 9 వికెట్ల దగ్గర ఒక్కొక్కటి. పదో నంబర్ బ్యాట్స్‌మన్ 398 దగ్గర ఎందుకంత టెన్షన్ పడుతున్నాడో అప్పుడు తెలుస్తుంది.

టోన్ నది గట్టు

నిజమే నాన్నా, అది నేను రాయాల్సింది. తమ్ముడూ, ఆ లెక్క ఒక కాగితం మీద రాసి పెట్టుకో.

సాగరతీరం, ఏప్రిల్ 2025

అక్కా, చూశారా! మొదటి మ్యాచ్‌లోనే బాంటన్! మీరు చెప్పిన మాట గుర్తుంది కాబట్టి వూస్టర్‌షైర్ మీద అతను క్రీజులోకి వచ్చిన దగ్గర్నుంచి ఫోన్ వదల్లేదు. సోమర్సెట్‌కి అత్యధిక స్కోరైన లాంగర్ 342 రికార్డు దాటుతుంటే మా ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, నేను ఒక్కడినే హాల్లో లేచి నిలబడ్డాను. చివరికి 371. పోయిన సెప్టెంబర్ కుంటి నడక తెలియకపోతే ఇది నాకు ఒక అంకె మాత్రమే అయ్యేది.

బషీర్ ఈసారి గ్లామోర్గాన్‌కి లోన్ మీద వెళ్ళాడని చదివాను. అవీ చూస్తాను. సెకండ్ లెవెన్ స్కోర్లు ఎక్కడ దొరుకుతాయో ఒకసారి చెప్పరా?

టోన్ నది గట్టు

గ్రౌండ్‌లోనే ఉన్నాను తమ్ముడూ, అరిచి అరిచి గొంతు పోయింది. సెకండ్ లెవెన్ స్కోర్‌కార్డులు కౌంటీ వెబ్‌సైట్‌లో ఫిక్స్చర్స్ పేజీలోనే ఉంటాయి, పైన జట్టు మార్చుకుంటే చాలు. అక్కడ కొత్త పేరు ఏదైనా నచ్చితే నాకు చెప్పు, నేను వెళ్ళి చూసి వచ్చి రాస్తాను.