బల్ల తిప్పితే అమ్మ చెయ్యి తప్పుతోంది, తానే అటువైపు వెళ్తే తప్పడం లేదు. ఎందుకు?

ప్రశ్న:

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. గ్లాకోమాతో రెండు కళ్లూ క్రమంగా మసకబారి, ఇప్పుడు వెలుగుకీ నీడకీ తేడా మాత్రమే తెలుస్తోంది. అయినా గది మధ్యనున్న గుండ్రటి బల్ల మీద ఏది ఎక్కడుందో ఆమెకు కరతలామలకం. మంచినీళ్ల గ్లాసు, మందుల డబ్బా, రేడియో, చేతిరుమాలు, చిన్న గంట. ఎప్పుడూ ఈ అయిదే. తడుములాట ఉండదు. చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి, నేరుగా రేడియో మీట మీద దిగుతుంది.

ఆ బల్లకు చక్రాలున్నాయి. మొన్న గది ఊడవడానికి పక్కకు జరిపి, మళ్లీ తెచ్చి పెట్టేటప్పుడు అది సగం తిరిగిపోయింది. దాని మీది వస్తువులు ఒక్కటీ చోటు మారలేదు. అమ్మ మందుల డబ్బా కోసం చాపిన చెయ్యి గ్లాసుకు తగిలి నీళ్లన్నీ ఒలికాయి. "అయ్యో, ఇక్కడే కదమ్మా ఉండేది" అంటూ తడిసిన చేతిని ఒళ్లోకి లాక్కుంది. బల్ల తిరిగిందని చెప్పాను, సరేనంది. మరుక్షణం చెయ్యి మళ్లీ పాత చోటికే వెళ్లింది.

ఇందులో నాకు అంతుపట్టనిది ఒకటుంది. సాయంత్రం గాలి కోసం బల్ల అంచు పట్టుకుని నడుస్తూ అమ్మే ఎదుటి కుర్చీలోకి వెళ్తుంది. అక్కడి నుంచి చూస్తే అన్నీ తారుమారే, కుడివైపున్నవి ఎడమకు వస్తాయి. అయినా ఒక్కసారి కూడా చెయ్యి తప్పదు. అమ్మకు మతిమరుపు మొదలైందని మా అన్నయ్య అంటున్నాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మరిచిపోయిన మనిషికి ఎదుటి కుర్చీలోంచి అన్నీ ఎలా దొరుకుతాయి?

మొదటి జవాబు:

మీ ఆఖరి ప్రశ్నలోనే సగం సమాధానం ఉందండీ. వస్తువుల చోట్లే మరిచిపోయి ఉంటే రెండు కుర్చీల్లోనూ తడబడాలి కదా.

నేను మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతాను. మీ ఇంట్లో జరిగినదానికి చాలా దగ్గరగా ఉండే ప్రయోగం ఒకటి డేనియల్ సైమన్స్, రాన్‌షియావో వాంగ్ 1998లో ప్రచురించారు. గుండ్రటి బల్ల మీద అయిదు వస్తువులు పెట్టి చూపించారు. తర్వాత కాసేపు తెర అడ్డం వేసి, ఆలోగా ఒకదాన్ని జరిపారు. ఏది జరిగిందో చూసినవాళ్లు చెప్పాలి. కొన్నిసార్లు మనిషిని కూర్చోబెట్టి బల్లను తిప్పారు. కొన్నిసార్లు బల్లను అలాగే ఉంచి, మనిషినే అంత కోణం చుట్టూ నడిపించారు. కంటికి కనిపించే మార్పు రెండింటిలోనూ ఒకటే. నడిచి వెళ్లినప్పుడు మాత్రం జవాబులు బాగా మెరుగ్గా వచ్చాయి.

మనం నడుస్తున్నంతసేపూ కాళ్ల కండరాలు, లోపలి చెవిలో సమతౌల్యం చూసుకునే భాగం, ఎంత తిరిగామో ఎంత జరిగామో మెదడుకు కబురు పంపుతూనే ఉంటాయి. ఆ కబురును బట్టి చుట్టూ ఉన్న వస్తువుల దిక్కులను మెదడు తనంతట తానే సరిదిద్దుకుంటుంది. చూపుతో పని లేదు. మీ అమ్మగారు ఎదుటి కుర్చీకి చేరేసరికి ఆ లెక్క పూర్తయిపోయి ఉంటుంది. బల్ల తిరిగితే ఒంటికి ఏ కబురూ అందదు. మీరు చెప్పిన మాట చెవిన పడుతుంది, అర్థమూ అవుతుంది, కానీ అయిదు వస్తువులనూ మనసులో ఒక్కొక్కటిగా తిప్పుకోవాలి. అది చూపున్నవాళ్లకూ కష్టమే. జాన్ రీసర్ 1989లో ఇదే చూపించాడు: చూడకుండానే నిజంగా ఒంటిని తిప్పుకుని వస్తువుల దిక్కు చూపించడం సులువు, కూర్చున్నచోటే "తిరిగాను" అని ఊహించుకుని చూపించడం కష్టం.

మెదడులో చోటును గుర్తించే కణాలే వేరుగా ఉన్నాయి. ఎలుక ఆవరణలో ఒకానొక చోటికి వచ్చినప్పుడే చురుకయ్యే కణాలను జాన్ ఓకీఫ్ 1971లో, మెదడులో జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో కనుక్కున్నాడు. నేలంతా షట్కోణాల అల్లికలా పరుచుకున్న చోట్లకు వచ్చినప్పుడల్లా చురుకయ్యే మరో రకం కణాల సంగతిని మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ 2005లో బయటపెట్టారు. 2014లో వైద్యశాస్త్ర నోబెల్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. చీకట్లో కూడా ఈ కణాలు పని మానవన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరించే విషయం.

బాగా తెలిసిన ఇంట్లోనే దారి తప్పడం, అడిగిందే అడగడం లాంటివి కనిపిస్తే మాత్రం వైద్యుడికి చూపించండి. మీరు రాసినంతలో అలాంటిదేమీ లేదు.

రెండో జవాబు:

పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. మనసులో ఉన్నదంతా ఒకేసారి బయటికి రాదు, ఎక్కడ నిలబడి తలుచుకుంటున్నామో దాన్ని బట్టి వస్తుంది. 1978లో బిసియాక్, లుజాట్టి అనే ఇద్దరు పరిశోధకులు, మెదడు కుడి సగం దెబ్బతిని ఎడమవైపును పట్టించుకోలేని రోగులను ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రధాన చర్చి ముందున్న చౌకు గురించి అడిగారు. చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకోమంటే కుడివైపు భవనాలే చెప్పారు. చర్చి మెట్ల మీద నుంచి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, అంతకుముందు వదిలేసినవాటిని చెప్పారు. జ్ఞాపకం చెక్కుచెదరలేదు, అందులో సగమే అందింది. మీ అన్నయ్యగారికి ఈ సంగతి చెప్పండి.

మూడో జవాబు:

నాకు పుట్టుకతోనే చూపు లేదు. పై ఇద్దరూ కారణం చెప్పారు, నేను ఉపాయం చెబుతాను.

గుండ్రటి బల్లకు ముందూ వెనకా ఉండవు. అందుకే అది తిరిగినా చేతికి తెలియదు. దాని అంచుకు ఒక గుర్తు పెట్టండి. గట్టిగా చుట్టిన దారం ముడి చాలు, ముడి ఒక్కటే ఉండాలి. అమ్మగారు ముందు గుర్తును తాకాలి, ఆ తర్వాతే వస్తువు కోసం చెయ్యి చాపాలి. గుర్తు నుంచి కుడికి జానెడు దూరంలో గ్లాసు, ఎదురుగా మూరెడు దూరంలో రేడియో, ఇలా నేర్చుకుంటే లెక్క ఆమె ఒంటిది కాకుండా బల్లదే అవుతుంది. మొదట్లో విసుగొస్తుంది. నాకు నా రాత బల్లతో అలవాటు కావడానికి వారం పట్టింది.

ఇంకో మాట. ఇంట్లో ఏది జరిపినా జరిపాక చెప్పకండి, జరుపుతున్నప్పుడే ఆమె చెయ్యి దాని మీద వేయించండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అన్నయ్యకు అన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ సాయంత్రం తనే నూలుదారం తెచ్చి అంచుకు ముడి వేశాడు. నిన్న అమ్మ చేతిని బల్ల మీద ఉంచి నెమ్మదిగా సగం తిప్పాం. ముడి తన వేళ్ల కింద నుంచి దూరంగా జరిగిపోతుంటే అమ్మ చెయ్యి దాని వెంటే వెళ్లింది. బల్ల ఆగాక ఆ ముడిని బొటనవేలితో రెండుసార్లు నిమిరి, అక్కడి నుంచి జానెడు కొలిచి గ్లాసు అందుకుంది. నీళ్లు తాగి, "ఇంకోసారి తిప్పండి" అంది.