పోప్‌ను నరకంలో వేసిన దాంతేను చర్చి ఎట్ల వదిలేసింది?

తుంగభద్రగట్టు (కర్నూలు):
పీజీ సెమినార్‌కు ‘మధ్యయుగ యూరప్‌లో చర్చి మీద వ్యంగ్యం’ ఇచ్చినారు, వేమనతో పోల్చమన్నారు. టైము పది నిమిషాలే. ఒక అనుమానం తెగడం లేదు. 1415లో చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను బతికుండగానే కాల్చిన చర్చి, తన కావ్యంలో పోప్‌లను తలకిందులుగా నరకంలో పాతిన ఇటలీ కవి దాంతేను ఎట్ల వదిలేసింది?

గండికోట (జమ్మలమడుగు):
పోప్ లంచగొండి అంటే సహించేవాళ్లు. పోప్‌కు ఆ అధికారమే లేదంటే మాత్రం కట్టెలు పేర్చేవాళ్లు. దీనికి దాంతేనే సాక్ష్యం. ఆయన ‘డివైన్ కామెడీ’ కావ్యంలోని ‘నరకం’ భాగం 19వ సర్గలో పదవులు అమ్ముకున్న పోప్‌లు బొరియల్లో తలకిందులుగా ఉంటారు, అరికాళ్లు మండుతుంటాయి. కథ జరిగేది 1300లో, అప్పటి పోప్ బోనిఫేస్ చనిపోయింది 1303లో. అందుకే బొరియలోని పాత పోప్ మూడో నికొలస్, దాంతే గొంతు విని “అప్పుడే వచ్చేసినావా బోనిఫేస్?” అంటాడు. బతికున్నవాడికి ముందే సీటు రిజర్వు చేసినాడన్నమాట!

ఆ కావ్యం నిలిచింది. చక్రవర్తి అధికారం నేరుగా దేవుడిదే, పోప్ చేతుల మీదుగా రాదని వాదించిన ఆయన పుస్తకం ‘మొనార్కియా’ను మాత్రం 1329లో ఒక కార్డినల్ (పోప్ కింది పెద్ద మతాధికారి) తగలబెట్టించినాడు. తర్వాత అది చర్చి నిషేధించిన పుస్తకాల పట్టికకెక్కి 1881 దాకా దిగలేదు. పాపంలో ఉన్న మతగురువుకు ఆస్తి మీద హక్కు లేదన్న ఇంగ్లండు పండితుడు జాన్ విక్లిఫ్ చనిపోయింది 1384లో. 1428లో ఎముకలు తవ్వి తీసి మరీ కాల్చినారు.

పెన్నేటిగాలి (కడప):
‘వెండి మార్కు సువార్త’ వదలొద్దు. సువార్త వరసలో రాసిన లాటిన్ పేరడీ అది. మార్కు అంటే సువార్తికుడూ, వెండి తూకమూ. దాదాపు 1230 నాటి ‘కార్మినా బురానా’ అనే లాటిన్ పాటల రాతప్రతిలో ఉంది. పేద గురువొకడు పోప్ దర్బారుకు వస్తే ద్వారపాలకులు తరిమేస్తారు. పైబట్ట, కత్తి అమ్మి తెచ్చిచ్చిన డబ్బు చూసి “యింత మందికి ఇవి ఏమాత్రము?” అని గెంటేస్తారు. అయిదు రొట్టెలు, రెండు చేపల దగ్గరి మాట అది, యోహాను 6:9. తర్వాత హత్య చేసిన ధనిక గురువొకడు అందరి చేతులూ తడిపి లోపలికి పోతాడు. పోప్‌కు జబ్బు చేస్తే బంగారం, వెండి పంపుతాడు, తక్షణమే స్వస్థత! చివర్న పోప్ కార్డినళ్లకు చేసే బోధ మన బైబిలు తెలుగులో ఇట్లుంటుంది: “నేను పుచ్చుకొనిన ప్రకారము మీరును పుచ్చుకొనవలెనని మాదిరి చూపితిని.” ఇది యోహాను 13:15కు పేరడీ.

స్లైడులో అసలు వచనం ఒక పక్క, పేరడీ ఇంకో పక్క పెట్టు. అసలు వచనం ఎదురుగా లేకపోతే ఒక్కరూ నవ్వరు. అప్పట్లో దీన్ని రాసిందీ విన్నదీ లాటిన్ చదివిన మతగురువులే, వాళ్లకు బైబిలు కంఠతా.

తుంగభద్రగట్టు:
మరి వేమనతో పోలిక?

గండికోట:
అక్కడే జాగ్రత్త. వేమన ఏ పీఠానికీ చెందకుండా, జనం నోట నిలిచే ఆటవెలదిలో ‘చిత్తశుద్ధి లేని శివపూజలేల’ అన్నాడు. ‘వెండి మార్కు’ లాంటివి రాసినవాళ్లు చర్చి లోపలివాళ్లు, చర్చి భాషలోనే ఎకసెక్కమాడినారు. ‘ఇద్దరూ సంస్కర్తలే’ అని రాసేస్తే సార్లు పట్టుకుంటారు.

టైముంటే ఇటలీ కథకుడు బొకాచియో కథల సంపుటి ‘డెకామెరాన్’ చేర్చు. 1573లో ఫ్లోరెన్స్‌లో దాన్ని శుద్ధి చేసి అచ్చేసినప్పుడు కథల్లోని రంకు చాలావరకు అట్లే ఉంచి, సన్యాసులను, సన్యాసినులను మాత్రం చర్చికి బయటివాళ్లుగా మార్చినారు.