మల్టీమోడ్ ఫైబర్‌తో మెదడు ఇమేజింగ్: అరగంటకే ఫోకస్ చెదిరిపోతోంది

లాసన్స్‌బే_ఆప్టిక్స్ (విశాఖపట్నం):
చిట్టెలుక హిప్పోక్యాంపస్ (మెదడు లోపల జ్ఞాపకాలకి సంబంధించిన భాగం) చూడాలని 3 సెం.మీ. మల్టీమోడ్ (వెలుగు ఎన్నో దారుల్లో, అంటే మోడ్‌లలో వెళ్లే) స్టెప్ ఇండెక్స్ ఫైబర్ వాడుతున్నాం. కోర్ (వెలుగు వెళ్లే నడిమి గాజు) 50 మైక్రాన్లు, క్లాడింగ్ (దాని చుట్టూ ఉండే పొర) 125, ఎన్‌ఏ (వెలుగును అందుకునే కోణం కొలత) 0.22. 488 నానోమీటర్ల లేజర్, డీఎండీ (చిట్టి అద్దాలతో నిండిన చిప్) మీద లీ హోలోగ్రామ్ (కిరణాన్ని మలిచే ప్యాటర్న్). ఇంకా జంతువు దాకా వెళ్లలేదు, బల్ల మీదే పరీక్ష. కాలిబ్రేషన్ (ఏ ప్యాటర్న్ పెడితే ఫైబర్ అవతలి కొన దగ్గర ఎక్కడ చుక్క పడుతుందో కొలవడం) కాగానే చుక్క చక్కగా నిలుస్తోంది. అరగంటకల్లా చుట్టూ గింజలు గింజలుగా వెలుగు పెరిగి చుక్క వెలవెలబోతోంది. రిఫరెన్స్ ఆర్మ్ (కాలిబ్రేషన్‌లో పోలికకి వాడే వేరే కిరణం దారి) మీద అట్టపెట్టె కప్పినా తేడా లేదు. ఫైబర్ వంగుతోందంటారా?

స్పెకిల్_గింజ:
రిఫరెన్స్ ఆర్మ్‌ని వదిలేయండి. దాని పని కాలిబ్రేషన్‌తోనే అయిపోయింది, తర్వాత కదిలినా ఫోకస్‌కేమీ కాదు. స్టీలు గొట్టంలో అతికించిన 3 సెం.మీ. ముక్క అంత తేలిగ్గా వంగదు కూడా. నా అనుమానమంతా డీఎండీ మీదే. చిప్ వేడెక్కేకొద్దీ ఫస్ట్ ఆర్డర్ కిరణం (ప్యాటర్న్ పక్కకి మళ్లించగా ఫైబర్‌లోకి వెళ్లేది) దిశ రవ్వంత మారుతుంది. మీ ఫైబర్ ముఖం మీద స్పెకిల్ (లేజర్ వెలుగు కలగలిసి ఏర్పడే మచ్చలు) గింజ సుమారు 1.1 మైక్రాన్లు (తరంగదైర్ఘ్యాన్ని రెండు ఎన్‌ఏలతో భాగిస్తే వచ్చేది). ప్యాటర్న్ అందులో సగం జరిగినా మోడ్‌ల లెక్క తప్పుతుంది.

తేల్చుకోవడం సులువే. ఫైబర్ ఇన్‌పుట్ ముఖం నుంచి తిరిగొచ్చే వెలుగును బీమ్ స్ప్లిటర్‌తో ఒక కెమెరా మీదకి తెచ్చి, ఒకే ప్యాటర్న్ పెట్టి నిమిషానికో ఫ్రేమ్ తీయండి. కోర్ అంచుతో పోలిస్తే ఇన్‌పుట్ ముఖం మీది చుక్క జరుగుతుంటే తప్పు డీఎండీదో మౌంట్లదో. జరగకపోతే ఫైబర్ వైపు చూడండి.

తేమ_గాలి:
ఏసీ గాలి నేరుగా బల్ల మీద పడుతోందా? కంప్రెసర్ ఆగి మొదలైన ప్రతిసారీ మౌంట్లు సాగి ముడుచుకుంటాయి. మన ఊళ్లో ఇంకో చిక్కు సముద్రపు తేమ. కరెంటు పోయి తలుపు తీస్తే చల్లబడ్డ ఆబ్జెక్టివ్ గాజు మీద చెమ్మ పడుతుంది. అది ఆరేదాకా కాలిబ్రేషన్ జోలికి వెళ్లొద్దు.

లాసన్స్‌బే_ఆప్టిక్స్:
చూశాం. 25 నిమిషాల్లో చుక్క 0.7 మైక్రాన్లు జరిగింది, ఒకే దిశలో. ఏసీ గాలి బల్ల మీద పడట్లేదు. డీఎండీని ముందే ఆన్ చేసి ఉంచితే చాలా? గాలిలో కాలిబ్రేట్ చేసిన ఫోకస్ దూరం (ఫైబర్ కొన నుంచి) మెదడులోనూ అంతేనా?

స్పెకిల్_గింజ:
ఒకే దిశలో అంటే వేడే. ఖాళీగా ఆన్ చేసి ఉంచితే చాలదు. అద్దాలు ఎంత వేగంగా తిరిగితే అంత వేడి. అసలు స్కాన్ వేగంతోనే గంటసేపు నడిపాక కాలిబ్రేట్ చేయండి. ఆ తర్వాత ఇమేజింగ్ మొదలయ్యేదాకా కూడా డమ్మీ ప్యాటర్న్‌లు ఆపొద్దు. చాలామంది తప్పేది ఇక్కడే.

దూరం మారుతుంది. గాలిలో 50 మైక్రాన్ల దగ్గర కట్టిన ఫోకస్ నీళ్లలో దాదాపు 67 దగ్గర పడుతుంది. చుక్క వెడల్పు మాత్రం మారదు. మెదడు వక్రీభవన గుణకం నీటికి దగ్గరే కాబట్టి ఈ లెక్కే వేసుకోండి.

ఫైబర్‌ని మెదడులోకి దించే ముందు డ్యూరా (మెదడు మీది గట్టి పొర) తప్పక తీయాలి, లేదంటే కొన వంగి కాలిబ్రేషన్ పోతుంది. నిదానంగా, ఆగి ఆగి దించండి. కొనకి రక్తం అంటితే నీలి కాంతిని పీల్చేస్తుంది, బొమ్మ మసకబారుతుంది. అప్పుడు పవర్ పెంచకండి. బయటకి తీసి సెలైన్‌తో కడిగి మళ్లీ దించండి. ఈ సన్నదనాన్ని కాపాడుకోవాలి: 500 మైక్రాన్ల గ్రిన్ లెన్స్‌తో (మెదడులోకి దించే కడ్డీలాంటి లెన్స్) పోలిస్తే ఇది చీల్చుకుపోయే అడ్డుకోత పదహారో వంతే.

22 కిలోహెర్ట్జ్ డీఎండీ అయితే 100×100 చుక్కలకి సెకనుకి రెండు ఫ్రేములే వస్తాయి. జీక్యాంప్ (నాడీకణం చురుగ్గా ఉన్నప్పుడు మెరిసే ప్రొటీన్) మెరుపులు కావాలంటే ముందు ఒక పూర్తి బొమ్మ తీసి, కణాలున్న చోట్లే స్కాన్ చేయండి.