పగ తీరడం, పగ అణగడం: తిక్కన పద్యం, రెజీనా కథ

నాలుగు రోజులుగా మన గ్రూపులో 'వన్స్ అపాన్ ఎ టైమ్' సీరియల్ మీద వాదన తెగడం లేదు. అందులోని దుష్టరాణి రెజీనాకి స్నో వైట్ మీద ఉన్న పగకు అర్థం లేదని కొందరు, అసలు కథంతా దాని మీదే నిలబడిందని కొందరు. నిన్న సైనిక్‌పురి అక్కయ్య సూటిగా అడిగారు: "ప్రియుణ్ణి చంపింది కన్నతల్లి. పగ పట్టింది మాత్రం చిన్నపిల్ల మీద. ఇందులో లాజిక్ ఎక్కడుంది?" దాని కింద నల్లకుంట మాస్టారు భారతం ఉద్యోగపర్వంలోని ఒక పద్యం మొదటి పాదం పెట్టి ఊరుకున్నారు. మిగతా పద్యం, అర్థం కావాలని చాలామంది అడిగారు. ఆ పద్యాన్ని ఈ వాదనతో కలిపి చదివితేనే బాగుంటుందని నా నమ్మకం. అందుకే వేరే పోస్టుగా రాస్తున్నాను.

ముందు పద్యం. పాండవుల తరఫున కృష్ణుడు రాయబారానికి వెళ్లబోయే ముందు ధర్మరాజు ఆయనతో అన్నది. తిక్కన రచన, చంపకమాల.

పగ యడగించు టెంతయు శుభం, బది లెస్స, యడంగునే పగం
బగ? పగ గొన్న మార్కొనక పల్కక యుండగ వచ్చునే? కడుం
దెగ మొదలెత్తిపోవ బగ దీర్పగ వచ్చిన గ్రౌర్యమొందు, నే
మి గతి దలంచినం బగకు మేలిమి లేమి ధ్రువంబు కేశవా!

'అడగు' అంటే అణగు. పగను అణచుకోవడం ఎంతో శుభం, అది మంచిదే. 'పగం బగ' అంటే పగన్ పగ: పగతో పగ అణుగుతుందా? అణగదు. పోనీ, ఎదుటివాడు పగ పూనినప్పుడు ఎదుర్కోకుండా, నోరెత్తకుండా కూర్చోగలమా? అదీ కుదరదు. సరే, పూర్తిగా తెగేలా, మొదలంటా లేచిపోయేలా పగ తీర్చేసుకుందామా అంటే అది క్రూరత్వం అవుతుంది. ఏ రకంగా ఆలోచించినా పగ వల్ల మేలు లేదన్నది ఖాయం, కేశవా.

'కడుందెగ' దగ్గర కొందరు తడబడొచ్చు. 'తెగ' అంటే వంశం, జాతి అనే అర్థం కూడా ఉంది కానీ ఇక్కడ ముందు 'కడున్' ఉంది కాబట్టి 'మిక్కిలి తెగేలా' అనే తీసుకోవాలి.

నాలుగు పాదాల్లో 'పగ' ఆరుసార్లు వచ్చింది. ప్రాసాక్షరం కూడా 'గ' కావడంతో వినేవారికి ఆ మాట చెవిలోంచి పోదు. అంతకంటే నాకు ముఖ్యమనిపించింది ఆ మాటకు తిక్కన జోడించిన క్రియలు. పగను అడగించడం ఒకటి, పగ గొనడం ఒకటి, పగ తీర్చడం ఒకటి. మూడూ వేరు వేరు దారులు. ధర్మరాజు ఒక్కో దారిలో నాలుగడుగులు వేసి వెనక్కి వస్తున్నాడు. నీతి చెప్పే పద్యంలా కనిపిస్తుంది కానీ నిజానికి ఇది దిక్కు తోచని మనిషి మాట. మధ్యలో ఉన్న ఆ రెండు ప్రశ్నలకూ ఆయన దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు సీరియల్. చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఏబీసీ చానల్లో 2011 అక్టోబరులో మొదలై 2018 మే దాకా ఏడు సీజన్లు వచ్చింది. స్నో వైట్ కథలోని దుష్టరాణి రెజీనా ఒక శాపం వేసి, కథల లోకంలోని వాళ్లందర్నీ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో స్టోరీబ్రూక్ అనే ఊరికి తెచ్చి పడేస్తుంది. రెజీనాకి గుర్తుంటుంది కానీ ఊళ్లోవాళ్లకి గతం గుర్తుండదు. గడియారం నడవదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత స్నో కూతురు ఎమ్మా వచ్చేదాకా అంతే.

ఇక అక్కయ్య ప్రశ్న. రెజీనా గుర్రాలశాలలో పనిచేసే డేనియల్‌ని ప్రేమించింది. ఆ సంగతి తల్లి కోరాకి తెలియకూడదు. అదుపు తప్పిన గుర్రం మీంచి రెజీనా ఒక పిల్లను కాపాడుతుంది. ఆ పిల్లే రాజుగారి కూతురు స్నో. రాజు రెజీనాని పెళ్లి చేసుకుంటానంటాడు. డేనియల్ సంగతి స్నో కంటపడుతుంది, ఎవరికీ చెప్పనని మాటిస్తుంది. కోరా మాత్రం, కూతురు తనకు దూరమైపోతోందని తల్లి ప్రేమ ఒలకబోసి, తల్లి లేని ఆ పిల్ల నోటి వెంట నిజం రప్పిస్తుంది. ఆ తర్వాత రెజీనా కళ్ల ముందే మంత్రంతో డేనియల్ గుండె పెరికి నలిపేస్తుంది.

ఇంతవరకూ చూస్తే అక్కయ్య మాట నిజమే. చంపిన చెయ్యి కోరాది. మన వాళ్లు ఇలాంటివాటికే 'అత్త మీద కోపం దుత్త మీద' అన్నారు. కానీ ఆ సామెత ఇక్కడ సగమే సరిపోతుంది. దుత్తకి ఏ పాపమూ తెలియదు. స్నో మాట ఇచ్చింది, తప్పింది. చిన్నపిల్ల కాబట్టి ఆ తప్పు క్షమించదగ్గది, కానీ తప్పు తప్పే. రెజీనాకి అది చాలు. పైగా ఆమె తల్లిని ఊరికే వదల్లేదు, అద్దంలోంచి వేరే లోకానికి నెట్టేసింది. అయినా పగ తీరలేదు, ఎందుకంటే తల్లి మీద ఆమెకున్నది వట్టి పగ కాదు. భయం ఉంది, ప్రేమ ఉంది, అమ్మ ఒక్కసారి మెచ్చుకుంటే చాలన్న ఆశ ఉంది. వీటితో కలగలిసిన కోపం పగగా గడ్డకట్టదు. స్నో మీద అయితే ఆ చిక్కేమీ లేదు. నేను కాపాడిన పిల్లే నన్ను ముంచింది అన్న ఒక్క మాట మీద జీవితమంతా నడపొచ్చు.

ఇంకో సంగతి గమనించండి. డేనియల్ చనిపోయాడని రెజీనా ఆ పిల్లకి చెప్పదు. పారిపోయాడంటుంది. స్నో ఏళ్ల తరబడి రెజీనాని తల్లిలాగే చూసింది. అంత కాలానికి, విషపు ఆపిల్ ఇచ్చేముందు, డేనియల్ సమాధి దగ్గరే అసలు సంగతి బయటపెడుతుంది. పగ గొనడం అంటే ఇదే. కోపం వస్తే అరుస్తాం, అలుగుతాం. పగ పట్టినవాళ్లు అదే ఇంట్లో నవ్వుతూ తిరుగుతారు. ఇదే సందర్భంలో తిక్కన ఇంకో పద్యంలో 'పగయ కలిగెనేని పామున్న యింటిలో నున్నయట్ల' అంటాడు. స్నో ఏళ్ల తరబడి ఉన్నది ఆ ఇంట్లోనే.

స్నోని చంపేస్తే అయిపోయేదిగా, ఊళ్లకి ఊళ్లని శపించడమెందుకు అని మరో ప్రశ్న వచ్చింది. మూడో పాదమే దీనికి జవాబు. 'కడుందెగ మొదలెత్తిపోవ' తీర్చుకోవాలనుకున్న పగకు ఒక మనిషి చావు చాలదు. స్నో బతికే ఉండాలి, భర్త ఎదురుగా స్పృహ లేకుండా పడి ఉన్నా అతను తన భర్తని తెలియకూడదు, కన్నబిడ్డ గుర్తుండకూడదు. సుఖం అన్న మాటకి వేరు కూడా మిగలకూడదు. ఆ శాపానికి మూల్యం, తనకు అన్నిటికన్నా ప్రియమైనవారి గుండె. రెజీనా తన తండ్రి హెన్రీని చంపి ఆ మూల్యం కట్టింది. 'క్రౌర్యమొందు' అన్న మాట దగ్గరకు వచ్చినప్పుడల్లా నాకు ఆ దృశ్యమే కళ్ల ముందుకొస్తుంది. కన్నబిడ్డను దక్కించుకోవాలనుకున్న తండ్రి ఆయన, కూతుర్ని బతిమాలుకుంటూ పోయాడు.

మరి పగ తీరిందా? మన భాషలో అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది, ముచ్చట తీరుతుంది, పగా తీరుతుంది. తీరాక ఇంకేమీ బాకీ ఉండకూడదు. రెండో సీజన్లో 1983 నాటి కథ చూపించే ఎపిసోడ్ ఒకటుంది. శాపం ఫలించాక మొదటి ఉదయం రెజీనా మురిసిపోతూ ఊళ్లో తిరుగుతుంది. మర్నాడు అవే పలకరింపులు, ఆ మర్నాడూ అవే. గెలిచిన మనిషికి గెలిచావని చెప్పేవాళ్లు లేరు. పగ తీరింది, వెలితి తీరలేదు. తర్వాత ఒక పసివాణ్ణి (వాణ్ణి కన్నది ఎమ్మాయే) దత్తత తెచ్చుకుని, చంపిన తండ్రి పేరే పెట్టుకుంటుంది, హెన్రీ అని.

'యడంగునే పగం బగ' అన్న ప్రశ్నకి ఈ సీరియల్ రెండు తరాల లెక్క చూపించింది. కోరా మొదట్లో మిల్లువాడి కూతురు. ఒకరోజు పిండి మోసుకొస్తుంటే యువరాణి ఈవా కాలు అడ్డంపెట్టి పడేసి, నలుగురిలో ఆమె చేతే క్షమాపణ చెప్పిస్తుంది. ఆ ఈవాయే స్నో తల్లి. కోరా తర్వాత ఈవాకి విషం పెట్టించింది. ఈవా కూతురి నోటిమాటతో కోరా కూతురి ప్రేమ పోయింది. కోరా కూతురు స్నో కాపురం కూల్చింది. చివరికి స్నో, రెజీనా చేతుల మీదుగానే కోరా చనిపోయేలా పన్నాగం పన్నుతుంది. ఒక కాలు అడ్డంపెట్టడం దగ్గర మొదలైంది ఇదంతా. దీన్ని చూసి కూడా ప్లాట్‌లో లాజిక్ లేదంటే నేను ఒప్పుకోను.

నాకు నచ్చనిది వేరే ఉంది. మొదటి సీజన్లో రెజీనా, స్టోరీబ్రూక్ షెరీఫ్ (పోలీసు అధికారి) గ్రాహం గుండె నలిపి చంపుతుంది. ఎమ్మా చేతుల్లోనే పోతాడు. తర్వాత రెజీనా మారిపోయింది, అందరితో కలిసి భోజనాలు చేసింది, కానీ ఆ చావుకి కథ సరైన లెక్క చెప్పలేదు. రాజుల మధ్య పగలు అణిగితే చాలా, మధ్యలో నలిగినవాడి మాట ఏమిటి? ఏ పగా లేకుండా చచ్చిపోయినవాడు అతను. లోపం అంటే నేను దీన్నే అంటాను.

కింద వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు కూడా ఇక్కడే చేరుస్తున్నాను, వెతుక్కోనక్కర్లేకుండా.

వనస్థలిపురం అక్క: "పగ తీర్చుకోవడం క్రూరత్వం అని ధర్మరాజు అనొచ్చు. అదే పర్వంలో ద్రౌపది తన జుట్టు పట్టుకుని కృష్ణుడికి చూపించింది కదా. ఆమె మాట అబద్ధమా?"

అబద్ధం కాదక్కా. ఆ రెండు మాటలనూ తిక్కన ఒకే పర్వంలో పెట్టాడు, ఒకదానితో ఇంకొకదాన్ని కొట్టేయలేదు. 'మార్కొనక పల్కక యుండగ వచ్చునే' అన్న ప్రశ్న ద్రౌపది పక్షాన ఉన్నదే. అయితే ద్రౌపదిని అవమానించినవాళ్లు పెద్దవాళ్లు, తెలిసి చేశారు. ఆ బరువు తీసుకెళ్లి స్నో మీద పెట్టలేం. రెజీనా పగ అర్థమవుతుంది అంటున్నానే గానీ న్యాయమని అనడం లేదు.

అంబర్‌పేట తమ్ముడు: "మా ఇంట్లో 'కచ్చ పెట్టుకున్నడు' అంటరు, 'గీ కష్టం పగోనికి గూడ రావద్దు' అంటరు. కచ్చ, పగ ఒకటేనా?"

మంచి ప్రశ్న తమ్ముడూ. నేను వినే వాడుకలో కచ్చ చిన్నది. క్లాసులో మార్కులు తక్కువేసిన సారు మీద, పెళ్లిలో పలకరించని బావ మీద కచ్చ ఉంటుంది. రోజులు గడిస్తే పోవచ్చు. పగకి మాత్రం అవతల 'పగోడు' ఉండాల్సిందే. మీరు చెప్పిన రెండో మాట నాకు చాలా ఇష్టం. ఎంత పగవాడైనా ఈ ఒక్క కష్టం వాడికి వద్దు అనుకోవడంలో పగకి కూడా ఒక హద్దు గీశారు మనవాళ్లు. రెజీనాకి లేనిది ఆ హద్దే. తమిళంలో 'పగై', కన్నడంలో 'హగె', అన్నీ ఒకే మాట. అంటే తిక్కన కంటే ఎంతో ముందు నుంచీ ఉన్న మాట ఇది.

మియాపూర్ నుంచి ఒకరు: "మరి రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ సంగతి? శాపం తయారుచేసింది ఆయనేగా."

ఆ మాంత్రికుడిది పగ కాదండీ. పోగొట్టుకున్న కొడుకును చేరడానికి వేరే దారి లేక ఆ శాపం తయారుచేసి, వేయడానికి రెజీనా పగను వాడుకున్నాడు. పగ పట్టినవాళ్లు ఇలా ఇంకొకరి పనికి పనిముట్లవుతారు.

సైనిక్‌పురి అక్కయ్య: "సరే, స్నో మీద పగ ఎందుకో ఒప్పుకున్నాను. మరి ఆ పగ ఎప్పుడు అణిగింది? కోరా చావు తర్వాత స్నో తనను చంపమని రెజీనా గుమ్మం ముందు నిలబడితే వదిలేసింది కదా, అప్పుడా?"

అప్పుడు కాదక్కయ్యా. అప్పుడు స్నో గుండె మంత్రంతో బయటికి తీసి, దాని మీద పడిన నల్లమచ్చ చూపించి, ఇక నేనేమీ చెయ్యనక్కర్లేదు, నిన్ను నువ్వే పాడుచేసుకుంటావు అన్న ధోరణిలో వెళ్లిపోతుంది. అది పగ ఇంకో రూపం. మూడో సీజన్లో నెవర్‌ల్యాండ్ అనే మాయద్వీపంలో ఒక చెట్టు పశ్చాత్తాపం ఉన్నవాళ్లను కట్టేస్తే, రెజీనా తను చేసినవన్నీ ఒప్పుకుని, అవన్నీ తనకు కొడుకుని ఇచ్చాయి కాబట్టి పశ్చాత్తాపం లేదంటుంది, కట్లు తెంచుకుంటుంది. అక్కడ కూడా అణగలేదు. అదే సీజన్ సగంలో, ఊరిని కాపాడటానికి హెన్రీని శాశ్వతంగా వదులుకోవాల్సి వస్తుంది. వదులుకుంటుంది. ఎమ్మాయే హెన్రీని పెంచినట్టు ఇద్దరికీ మంచి జ్ఞాపకాలు కూడా ఇచ్చి పంపుతుంది. ఒక హెన్రీని చంపి శాపం వేసిన మనిషి, ఇంకో హెన్రీని వదులుకుని ఆ శాపాన్ని వెనక్కి తీసింది. 'అడగించు' అన్న క్రియ నాకు అక్కడ సరిపోయింది. మాస్టారు వేరేచోట చూపిస్తే వింటాను. వీలైతే ఆ పద్యానికి ముందూ వెనకా ఉన్నవి కూడా ఇక్కడ పెట్టండి మాస్టారూ, చాలామంది అడుగుతున్నారు.